పున్నారావు గారి ఇరవై బోరు తుపాకీ

తెనాలిలో తుపాకులు బాగుచేసే జాన్ సైదాకు ఎవరి మాట మీదా గురి లేదు. తమ తాతకు దొర బహుమతిగా ఇచ్చాడనీ, లండన్ నుంచి ఓడలో వచ్చిందనీ అమ్మేవాళ్లు చెప్పే కథలను ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేవాడు. ముందు గొట్టాలు ఊడదీసి, అడుగున తయారీనాడు కొట్టిన ముద్రలను భూతద్దంతో చూసేవాడు. ఆ తరువాతే ఎదుటి మనిషి ముఖం చూసేవాడు. ఏ తుపాకీ ఏనాటిదో, ఎంత చేస్తుందో రాసి సంతకం పెట్టాడంటే రేపల్లె నుంచి బాపట్ల దాకా దానికి తిరుగులేదు. ఎవరినీ నమ్మడనే పేరుతోనే అతనికి అన్నం పుట్టేది. అలాంటివాడు లోకంలో అనుమానించకుండా నమ్మింది ఒక్కరినే, పని నేర్పిన తండ్రి మీరా సాహెబును.

2007 వేసవిలో రేపల్లె నుంచి కనకలక్ష్మి అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. భర్త పున్నారావు పోయి ఆరు నెలలైంది. ఆయన పేర లైసెన్సు ఉన్న ఇరవై బోరు జంట గొట్టాల తుపాకీని బాపట్లలో బసవేశ్వరరావు ఆయుధాల కొట్లో ఇంటివాళ్లు చట్టం ప్రకారం డిపాజిట్ చేశారు. దాన్ని లక్షా ఇరవై వేలకు తానే కొంటానని కొట్టు యజమాని కబురు పెట్టాడు.

"పన్నెండు బోరు ఎక్కడైనా దొరుకుద్దంట, ఇరవై అరుదంట. అయినా అడక్కుండానే అంత ఇస్తానంటే నాకు భయంగా ఉందన్నయ్యగారూ. మీరు చూసి సరేనంటే ఆ డబ్బుతో మోకాళ్ల ఆపరేషన్ చేయించుకుంటా."

"భయపడటం మంచిదేనమ్మా," అన్నాడు సైదా. బసవేశ్వరరావు మీద అతనికి అప్పుడే అనుమానం మొదలైంది.

మరునాడు ఇద్దరూ రైల్లో బాపట్ల వెళ్లారు. బసవేశ్వరరావు నవ్వుతూ టీ తెప్పించాడు. టీ తెప్పించడం కూడా సైదాకు నచ్చలేదు.

"అసలైన బర్మింగ్‌హామ్ సరుకండి. గొట్టాల మీద, ట్రిగ్గర్ల భాగం మీద, ముందు చెక్క మీద, మూడుచోట్లా నంబర్లు కలిశాయి," అన్నాడు బసవేశ్వరరావు.

సైదా తుపాకీని విడదీశాడు. నంబరు నిజంగానే ఒకటే. కానీ ట్రిగ్గర్లున్న ఇనుప భాగం మీది ముద్రలు 1904కు ముందువి. గొట్టాల కింద తూటా పెట్టే గది పొడవు అంగుళాల్లో కొట్టి ఉంది. ఆ కొలత కొట్టడం 1925లో గాని మొదలుకాలేదు. ఇరవై ఏళ్ల తేడాతో పుట్టినవాటికి ఒకే నంబరు ఎలా వస్తుంది? ఎవరో గొట్టాలు మార్చి దొంగనంబరు కొట్టారు. అసలు గొట్టాలు కాజేసి, అది బయటపడకుండా తానే కొనేయాలని చూస్తున్న బసవేశ్వరరావే ఆ ఎవరో అని సైదాకు లోపల సంబరంగా కూడా ఉంది.

భూతద్దం మళ్లీ పెట్టాడు. నంబరులోని 3 అంకెకు తల దగ్గర చిన్న తునక లేదు. ఆ మూడును అతనెరుగును. పని నేర్చుకునే రోజుల్లో తండ్రి నంబర్లు కొట్టే ఆ అంకె అచ్చును గట్టి ఉక్కు మీద కొట్టి విరగ్గొట్టింది తనే. తండ్రి లెంపకాయ వేశాడు గాని అచ్చును పారెయ్యలేదు.

"దీన్నెప్పుడైనా రిపేరుకిచ్చారామ్మా?"

"మా పెళ్లయిన కొత్తలో తెనాల్లోనే ఇచ్చారండి," అంది కనకలక్ష్మి.

ఆ రోజుల్లో తెనాల్లో తుపాకులు బాగుచేసింది నాన్నొక్కడే. నోరు మూసుకుంటే ఆవిడ మోకాళ్లు బాగుపడతాయి, తండ్రి పేరూ నిలుస్తుంది. కానీ కాగితం మీద సంతకం తనది.

"గొట్టాలు మార్చినవమ్మా. నలభై వేలకు మించి చెయ్యదు."

బసవేశ్వరరావు భూతద్దం అందుకుని తానూ చూశాడు. "అయితే నలభయ్యేనండి," అన్నాడు.

కనకలక్ష్మి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ధర తగ్గించినందుకు ఈయన మీకెంత ఇస్తానన్నాడన్నయ్యగారూ?" అని నెమ్మదిగా అడిగింది.

సైదా జీవితమంతా అందరినీ అడిగిన ప్రశ్నే అది. తననొకరు అడుగుతారని ఎన్నడూ అనుకోలేదు. కోపం రాలేదు, సిగ్గేసింది. తాను దొంగ కాదని చూపించాలంటే తండ్రి దొంగని చూపించాలి. "ఇక్కడే కూర్చోండమ్మా," అని చెప్పి తెనాలి రైలెక్కాడు.

మూడు గంటల తరువాత అచ్చుల పెట్టెతో తిరిగొచ్చాడు. ఆవిడ కళ్లెదుటే సీసపు బిళ్ల మీద ఆ నంబరు కొట్టి, గొట్టం పక్కన పెట్టి, భూతద్దం చేతికిచ్చాడు. రెండుచోట్లా 3 అంకె తల దగ్గర అదే తునక లేకపోవడం ఆవిడ చూసింది.

"ఎవరివండీ ఈ అచ్చులు?"

"మా నాన్నవమ్మా."

కాగితం తీసుకుని ధర రాశాడు. గొట్టాలు మార్చినవారు షేక్ మీరా సాహెబ్, తెనాలి అని కూడా రాశాడు. కింద సంతకం దగ్గర కలం ఆగిపోయింది. నంబర్లు కలిశాయని ఇన్నేళ్లుగా తాను ఖాయం చేసిన తుపాకుల్లో నాన్న చేతిమీదుగా వచ్చినవి ఎన్ని?

"సంతకం పెట్టండన్నయ్యగారూ," అంది కనకలక్ష్మి. "ఇప్పుడు మిమ్మల్ని నమ్మాను."

సైదా కళ్లు తుడుచుకుని సంతకం పెట్టాడు.