పాటల పెన్‌డ్రైవ్

మాచర్లలో మా ఇంటి కంప్యూటర్‌కి వైరస్ పట్టింది. రిపేరు షాపులో శుభ్రం చేయించి తెచ్చినా నాకు నమ్మకం కుదరలేదు. నేనే మళ్ళీ పూర్తి స్కాన్ పెట్టి, తెర ముందు నుంచి కదలకుండా కూర్చున్నా. అమ్మ అన్నానికి పిలిస్తే కసురుకున్నా.

చివరికి వైరస్ ఏమీ లేదని పడింది. హమ్మయ్య అనుకునేలోపే అమ్మ ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి చేతిలో పెట్టింది. ప్రతి ఆదివారం చర్చిలో పాడాల్సిన పాటలు అందులోనే ఇంటింటికీ తిరుగుతాయి. విని నేర్చుకున్నాక పక్కింటికి ఇచ్చెయ్యాలి.

అనుమానమొచ్చి, పాటలు తెరవకుండా ముందు దాన్నే స్కాన్ చేశా. షాపాయన చెప్పిన వైరస్ పేరే ఎర్రటి అక్షరాల్లో కనబడింది. నా ఒళ్ళు మండిపోయింది.

"అమ్మా, రోగమంతా ఇందులోనే ఉంది!" అని అరిచా.

"మనది బాగైందిగా, ఇంకేందిరా నీ గోల? అవతల పిన్ని ఎదురుచూస్తా ఉంది, ఇటియ్యి."

నేను పెన్‌డ్రైవ్ పీకి గుప్పిట్లో బిగించా. గుమ్మంలో నుంచి పక్కింటి పిన్ని అప్పటికే చెయ్యి చాపింది.

"తొందరగా ఇయ్యరా. మా కంప్యూటర్ కూడా నిన్ననే బాగుచేయించాం."