విభూతి బుధవారం

మర్నాడు అమ్మ బయాప్సీ రిపోర్టు వస్తుందనగా, ఆ ఉదయం బందరులో నేను పాఠాలు చెప్పే కాన్వెంటు బోర్డు మీద ‘విభూతి బుధవారం’ అని రాసి ఉంది. మా ఇంట్లో భయం వేస్తే విభూతి పెట్టుకుంటాం. ఇదీ అదేననుకుని చర్చిలో వరుసలో నిలబడ్డాను. ఫాదర్ గారు బొటనవేలితో నా నుదుట బూడిద సిలువ గీసి, మెల్లగా అన్నారు.

"మట్టిలోంచి వచ్చావమ్మా, మట్టిలోకే వెళ్తావు."

బయటికొచ్చి తోటి టీచరుగారి చెయ్యి పట్టుకున్నాను. "అవేం మాటలండీ?"

"అందరికీ అవేనండీ. చావుని గుర్తుంచుకోమని పెట్టే బూడిద," అన్నారావిడ తేలిగ్గా.

తుడిచేద్దామని కొంగు ఎత్తాను. తుడిస్తే ఏమవుతుందోనని ఇంకో భయం. ఎంత చదువుకుంటే ఏం లాభం! సాయంత్రానికి చెమటకు సిలువ చెదిరిపోయి, ఉత్త బూడిద మిగిలింది.

ఇంటికెళ్లగానే మంచం మీదున్న అమ్మ నా నుదురు చూసి సంబరపడింది.

"ఏ గుళ్లో విభూతే అది? నాకూ కాస్త పెట్టు."

నా చెయ్యి లేవలేదు. అమ్మే లేచి, నా నుదుటి మీంచి వేలితో తీసుకుని పెట్టుకుంది.