ఏడవని పిల్ల

పాతికేళ్లుగా ఒక డే కేర్ సెంటర్లో పసిపిల్లల్ని చూసుకుంటున్న ఆయమ్మకు ఒక్క విషయంలో మహా గర్వం. పొద్దున్నే తల్లులు తలుపు దగ్గర పిల్లల్ని అప్పగించి వెళుతుంటే, ఇక చూడండి, ఇల్లు పీకి పందిరేసే ఏడుపులు. "మా అమ్మాయి మూడేళ్లప్పుడు కూడా ఇలా రాగాలు తీయలేదు, బంగారం" అనేది ఆవిడ, ఒకణ్ణి చంకనేసుకుని ఇంకొకడి ముక్కు తుడుస్తూ. వినీ వినీ మిగతా ఆయాల చెవులు చిల్లులు పడ్డాయి.

భర్త పోయిన ఏడాదే ఆవిడ ఈ పనిలో చేరింది. సొంత పిల్లను వెంట తెచ్చుకోకూడదన్నారు. మూడేళ్ల కూతుర్ని తన తల్లి దగ్గర వదిలి, ఆదివారం ఆదివారం వెళ్లి చూసొచ్చేది. సాయంత్రం బస్సుకు బయలుదేరుతుంటే ఆ పిల్ల గడప దగ్గర నిలబడి చెయ్యి ఊపేది. కంట తడి ఉండేది కాదు. తల్లి మురిసిపోయి ఒక బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టేది. పిల్ల పెద్దదైంది, ఉద్యోగం తెచ్చుకుంది, పెళ్లి చేసుకుంది. అమ్మమ్మతో కయ్యానికి దిగి, అలిగి ముసుగుతన్ని పడుకునే ఆ పిల్ల, తల్లి వస్తే మాత్రం లేచి కుర్చీ వేసేది. ఇంత బుద్ధిమంతురాలు ఎందరి కడుపున పుడుతుంది చెప్పండి!

మొన్నామధ్య ఆయాలందరికీ ఒక పూట క్లాసు పెట్టారు. అలాంటి క్లాసులు ఆయమ్మకు కునుకు తీసే వేళ. పాఠం చెప్పే అమ్మాయికి ఆవిడ కూతురి వయసుంటుంది.

"అమ్మ వెళుతుంటే ఏడ్చే పిల్లల గురించి అంత దిగులు పడకండి. ఏడిస్తే వస్తుందని వాళ్లకింకా నమ్మకం ఉంది. అమ్మ వెళ్లినా, వచ్చినా పట్టనట్టు ఉండే పిల్లల్ని కాస్త కనిపెట్టండి. అందరూ అని కాదు గానీ, కొందరు అడగడం మానేసి ఉంటారు."

ఆయమ్మకు నిద్ర ఎగిరిపోయింది. ఆ వారమంతా అన్నం సయించలేదు. ఆదివారం కూతురింటికి వెళ్లింది. కూతురు ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"చిన్నప్పుడు నేను వెళ్లిపోతుంటే నీకు ఏడుపొచ్చేది కాదుటే?"

"ఎందుకు రాదమ్మా? ఏడిస్తే మీరు వచ్చేవారం రారని అమ్మమ్మ చెప్పింది. మీరు సందు మలుపు తిరిగేదాకా ఆపుకుని, బాత్రూంలోకెళ్లి కుళాయి తిప్పుకునేదాన్ని."

"మరెప్పుడు మానేశావు?"

కూతురు ఇంకో చొక్కా అందుకుంది. "గుర్తు లేదు. ఒక ఆదివారం ఆపుకోవాల్సిన పనే లేకపోయింది."

ఆయమ్మ బతిమాలింది. "నన్ను తిట్టవే. నీ నోటికొచ్చినట్టు నాలుగు తిట్టు."

"భలేవారే, మిమ్మల్నెందుకు తిడతాను? మీరు అంత కష్టపడబట్టే కదా నేనిలా ఉన్నాను."

ఒక్క తిట్టు తిట్టినా ఆ తల్లి బతికిపోయేది. ఇక ఆపుకోలేక బావురుమంది. కూతురు చేతిలో చొక్కా పక్కన పెట్టి, దగ్గరకొచ్చి కూర్చుని వీపు మీద మెల్లగా తట్టసాగింది. "ఊరుకోండమ్మా, ఊరుకోండి." విసుగు లేదు, కోపం లేదు, ఎంతో ఓపికైన చెయ్యి. ఆ తట్టడం ఆయమ్మకు బాగా తెలుసు. వాళ్ల అమ్మలు వచ్చేదాకా, పరాయి పిల్లల్ని తను తట్టేది అలాగే.