గట్టి కాళ్ళవాళ్ళ వీల్‌చైరు

పెదజాలరిపేటలో పుట్టి పడవ ఎక్కితే డోకు వచ్చే మనిషి ఎల్లాజీ ఒక్కడే. తండ్రి వెంట వేటకి వెళ్ళిన ప్రతిసారీ వల కంటే ముందు అతని కడుపులోది సముద్రంలో పడేది. పేటంతా నవ్వింది. చివరికి మేనమామ ఎవరి కాళ్ళో పట్టుకుని ఎయిర్‌పోర్టులో కాంట్రాక్టు పని ఇప్పించాడు. నడవలేని ప్రయాణికులను వీల్‌చైరులో కూర్చోబెట్టి విమానం దాకా తొయ్యడం ఆ పని.

డోకు అక్కడా వదల్లేదు. నడవలేనివాళ్ళని ఎల్లాజీ సొంత మనుషుల్లా చూసుకుంటాడు. రోత పుట్టించేది నడవగలిగినవాళ్ళే. కారు దిగి చకచకా వస్తారు, సెక్యూరిటీ దగ్గర లైను చూడగానే మోకాలు పట్టుకుని మూలుగుతారు. కుర్చీలో కూర్చుంటే లైను తప్పుతుంది మరి. లోపలికి తోసుకెళ్ళాక లేచి వెళ్ళి, దోసె తిని, చెయ్యి కడుక్కొచ్చి మళ్ళీ కూలబడతారు. సిగ్గూ శరమూ సూట్‌కేసులో పెట్టి తాళం వేసుకొస్తారు కాబోలు.

ఆ సాయంత్రం హైదరాబాదు విమానానికి మిగిలింది ఒక్క కుర్చీ. అందులో జగ్గారావు బైఠాయించాడు. గాజువాకలో ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు, దుక్కలాంటి మనిషి. అతన్ని తోసుకెళ్తుంటే గోడకి ఆనుకుని నిలబడ్డ సూర్యకళమ్మ కనబడింది. తగరపువలస ఆవిడ. మోకాలి ఆపరేషన్ కుట్లు ఇంకా మానలేదు, చీము పడుతోంది, హైదరాబాదు డాక్టరు వెంటనే రమ్మన్నాడు. తోడొచ్చిన కూతురు కుర్చీ కోసం కౌంటర్ల చుట్టూ తిరుగుతోంది. ఇంకో కుర్చీ వచ్చేలోగా గేటు మూసేస్తారు.

ఎల్లాజీ జగ్గారావును బతిమాలాడు. తనకీ మోకాళ్ళ నొప్పులనీ, ఎక్కువ మాట్లాడితే మేనేజరుతో చెప్పి పనిలోంచి తీయిస్తాననీ అతగాడన్నాడు. అంటూనే కాలు మీద కాలు వేసుకున్నాడు. ఎల్లాజీకి మళ్ళీ పడవ ఎక్కినట్టయింది. నోరు మూసుకుని తోశాడు.

గేటు దగ్గర టికెట్లు చూసే రోజారమణి జగ్గారావును ఆపింది. కాళ్ళు బారజాపుకోవచ్చని అతను ఎమర్జెన్సీ డోర్ పక్క సీటు కొనుక్కున్నాడట. ప్రమాదం వస్తే ఆ తలుపు తీయాల్సింది అక్కడ కూర్చున్నవాడే గనక వీల్‌చైరు మనిషికి ఆ సీటు ఇవ్వకూడదనీ, వెనక ఇరుకు సీటుకి మారాలనీ చెప్పింది.

జగ్గారావు కుర్చీలోంచి ఎగిరి దూకాడు. లైనంతా చూస్తుండగా గుంజీళ్ళు తీశాడు.

"నాకేటి రోగం? సూస్కోమ్మా, గుండ్రాయిలా ఉన్నాను," అన్నాడు.

జనం పడీ పడీ నవ్వారు. అతనూ వాళ్ళతోపాటు నవ్వి, దర్జాగా నడుచుకుంటూ లోపలికి పోయాడు. వీడు మనిషేనా అనుకుంటూ ఎల్లాజీ కుర్చీ తీసుకుని వెనక్కి పరుగెత్తాడు. సూర్యకళమ్మను కూర్చోబెట్టి, కూతుర్ని కేకేసి, గేటు మూసేలోపే తీసుకొచ్చాడు.

లైనులో నవ్వు ఇంకా చల్లారలేదు. ఇంకో నాటకం వచ్చిందన్నాడు ఒకడు. ఈవిడ చేత కూడా గుంజీళ్ళు తీయించమంది ఒకావిడ. మళ్ళీ నవ్వారు.

సూర్యకళమ్మ చీర మోకాలి పైదాకా ఎత్తి, తడిసిన కట్టు అందరికీ కనబడేలా కూర్చుంది. నవ్వినవాళ్ళే ముక్కు మూసుకుని మొహాలు తిప్పుకున్నారు. ఆ మొహాల మీద ఉమ్మెయ్యాలనిపించింది ఎల్లాజీకి. వంగి చీర కిందికి లాగబోయాడు.

"కప్పుకోమ్మా. ఈళ్ళకి సూపించడమేటి?" అన్నాడు.

"సూపించకపోతే ఎవులు నమ్ముతారు బాబూ," అంది.

విమానం గుమ్మం దాకా ఆవిడ చీర దించనే లేదు.