మా అవ్వ కథకు ఊ కొట్టిన షాహీన్

చిన్నగున్నప్పుడు మా దేవరయాంజాల్ ఇంట్లో పొద్దుగూకే వేళకు అవ్వ చాటలో అనపకాయలు పోసుకుని అరుగు మీద కూర్చునేది... పక్కన ఒలవడానికి ఇద్దరం. నేను, పక్కింటి షాహీన్.

చేతులు ఆడినంతసేపూ కథ నడిచేది. కానీ వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ అక్కడే ఆగేది.

షాహీన్ ఊ కొడితే వినాలి... అడవి వస్తే చిన్న ఊ, రాజుకు కోపమొస్తే పెద్ద ఊ. అవ్వ ముఖం దాని వైపే తిరిగి ఉండేది. నేను కొడితే మాత్రం, "నీది ఊ కాదే, ఆవలింత" అనేది. సొంత మనవరాలిని నేను... కథ దానికి. కడుపు మండేది.

నాకు దక్కింది ఒక్కటే. చీకటి పడుతుంటే గోడ అవతలి నుంచి వాళ్లమ్మ "షాహీన్, జల్దీ ఆ!" అని కేకేసేది. అది సగం కథలో లేచి ఇంటికి పోయేది. మిగతా సగం అవ్వ నాకు అన్నం పెడుతూ చెప్పేది. తెల్లారి షాహీన్ అడిగితే, "నిన్నటి కథ నిన్ననే ఒడిసింది బిడ్డా" అని కొత్తది ఎత్తుకునేది.

చివరలన్నీ నావే.

మొన్న మేడ్చల్‌లో కొత్తగా పెట్టిన పుస్తకాల షాపుకు షాహీన్ తన పుస్తకం చదవడానికి వచ్చింది. ఇప్పుడు బెంగళూరులో ఉంటుంది, పుస్తకాలు రాస్తుంది. బల్లలు పక్కకు జరిపి కుర్చీలు వేశారు. వస్తున్నానని దానికి చెప్పలేదు... చివరి వరసలో కూర్చున్నాను.

"పుస్తకం నిండా ఉన్న ఈ అవ్వ ఎవరు మేడమ్?" అని షాపాయన మైకులో అడిగాడు.

"మా అవ్వ" అంది షాహీన్. అంతే. ఇంకో ముక్క లేదు.

నా పక్కన కూర్చున్న ఒకావిడ... "వాళ్ల నాయనమ్మని ఎంత బాగా రాశారండీ! ఎదురుగా కూర్చున్నట్టే ఉంది" అంది. ఆ అవ్వ మా నాయినను కన్నతల్లి అని చెబుదామనుకున్నాను. ఊరికే తలూపాను. మా ఇంట్లో అవ్వ ఫోటో ఒక్కటి కూడా లేదు... ఉన్న అవ్వంతా ఆ పుస్తకంలోకే పోయింది.

తర్వాత షాహీన్ మేకను వెతుక్కుంటూ అడవికి పోయిన పిల్ల కథ చదివింది. అవ్వ గొంతే. ఎక్కడ ఆపాలో అక్కడే ఆపుతోంది. అందరూ ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తున్నారు... ఊ కొట్టేవాళ్లు లేరు. ఎట్లా వచ్చిందో ఏమో, నా నోట్లోంచి వచ్చింది...

"ఊ."

అది తలెత్తింది. నన్ను చూసి మైకులోనే నవ్వింది. "నువ్వానే! గా ఊ ఇంకా ఆవలింత లెక్కనే ఉన్నది!"

షాపంతా నవ్వింది. నేనూ నవ్వాను... లోపల మంట మాత్రం చల్లారలేదు.

సంతకాల దగ్గర నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. "ఒక్కటి చెప్పవే. గా పిల్ల చివరికి ఏమైతది? మా అమ్మ పిలిస్తె లేచి ఇంటికి పోయిన గద... మేకతోని ఇల్లు చేరిందని నేనే కల్పించి రాసిన. మస్తు రోజుల సంది గదే పరేషాన్. అవ్వ నీకు చెప్పింది గద?"

చెప్పింది. అన్నం కలుపుతూ చెప్పింది. ఇల్లు చేరడం కాదు. ప్రతి మాటా గుర్తుంది.

"యాదికి లేదే" అన్నాను.

షాహీన్ ముఖం చిన్నబోయింది. పుస్తకం మీద "మా అవ్వ మనవరాలికి" అని రాసిచ్చింది. అక్కడ కూడా 'మా'నే.

ఇప్పుడు మా అరుగు లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. మా పిల్లలకు ఫోన్ కథ చెబుతుంది, దానికి ఊ కొట్టే పని లేదు... మీ ఇంట్లో కథలెవరు చెప్పేవాళ్లు? ఊ ఎవరు కొట్టేవాళ్లు? కింద రాయండి.

మేకను వెతకబోయిన ఆ పిల్ల చివరికి ఏమైందని మాత్రం అడగకండి... అవ్వ దగ్గర నాకొక్కదానికే దక్కింది అదే.