కారు సీటుకు చేసిన పూజ

నేను వాదించి ఓడిపోయిన సందర్భాలు నా జీవితంలో రెండే రెండు. ఒకటి పెళ్లికి ముందు మా నాయనతో. దాన్ని ఆయనకే వదిలేద్దాం. రెండోది ఎగరడానికి సిద్ధంగా ఉన్న ఒక విమానంలో, విమానం నిండా జనం మెడలు సాచి చూస్తుండగా, నాతో నేనే. అవును, మీరు సరిగ్గానే చదివారు. న్యాయమంతా నా వైపు ఉన్న కేసును నా రెండు చేతులతో నేనే మట్టుబెట్టుకున్నాను. ఆ ఘనకార్యం ఇప్పుడు చెబుతాను. మంచినీళ్లు తాగుతూ మాత్రం చదవకండి. పొలమారితే నా పూచీ లేదు.

అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు. నోరు ఇప్పటికంటే పదును, బుర్ర ఇప్పటికంటే మొద్దు. ధర్మవరంలో మా ఆయనకు పట్టుచీరల అంగడి. నేను ఎమ్మే చదివి, ఆ చదువునంతా ఆయనతో వాదించడానికే ఖర్చు పెడుతుండేదాన్ని. మా పాప వర్షిణికి రెండేళ్ల మూడు నెలలు. వాన పేరు పెట్టి పిలిస్తేనైనా వస్తుందేమోనని మా వైపు ఇలాంటి పేర్లు పెట్టుకుంటాం. పిలిస్తే పిల్ల పలికేది. వాన మాత్రం పలికేది కాదు.

ఢిల్లీలో ఉన్న మా చెల్లెలు పద్మకు నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగింది, సోమవారం పొద్దున ఆపరేషన్ చేస్తామన్నారు డాక్టర్లు. మా అమ్మ మోకాళ్లు పట్టేసి మంచం దిగలేదు. పద్మ ఫోన్లో ఒకటే ఏడుపు.

"అక్కా, నువ్వు రావల్ల. నాకు శానా భయంగా ఉండాది. నిన్ను చూడకుండా నేను ఆ లోపలికి పోనంటే పోను."

"వస్తాలే. ఏడ్చొద్దు. ఆదివారం సాయంకాలానికి నీ మంచం పక్కన ఉంటా."

మాట ఇచ్చేశాను. ఆదివారం మధ్యాహ్నం బెంగళూరు నుంచి విమానం. నాకూ పాపకూ రెండు టికెట్లు. రెండేళ్లు దాటిన పిల్ల కాబట్టి ఒళ్లో కూర్చోబెట్టుకుంటే కుదరదు, దాని సీటు దానికే.

సరిగ్గా అప్పుడే బెంగళూరులో ఉండే నా కాలేజీ స్నేహితురాలు రేణుక, తన కొడుకు పెద్దవాడయ్యాడని వాణ్ణి కారులో బెల్టుతో కట్టి కూర్చోబెట్టే కారు సీటు మాకు పంపింది. విదేశీ సరుకు. బెల్టులు, బకిల్సు, మెత్తలు. చూస్తే చిన్న సింహాసనంలా ఉంది. "విమానంలో కూడా పెట్టుకోవచ్చే. మేం పెట్టుకున్నాం. కుదుపులొస్తే అందులో పిల్ల కదలదు" అని ఫోన్లో చెప్పింది. అంతే. ఆ రోజు నుంచి నాకు కళ్లు మూస్తే చాలు, పిల్లలు దూదిపింజల్లాగా విమానం కప్పుకు తేలిపోతూ కనిపించేవారు.

"పాపను దీంట్లోనే కూర్చోబెట్టి తీసుకపోతా" అని ప్రకటించాను.

మా ఆయన సీటు వైపు, నా వైపు చూశాడు. "టికెట్టు కొన్న్యాం కదా. ఆడ సీటు ఉంటాది కదా. సీటు మింద ఇంకో సీటు ఏంటికి?"

"ఆ సీటు పెద్దోళ్లకప్పా. దాని బెల్టు నీ పొట్టకు కొలత పెట్టి కుట్టింటారు. పాప దాంట్లోంచి చేప జారినట్టు జారిపోతాది."

"నువ్వు పక్కనే ఉంటావు కదా, పట్టుకో."

"చీర మడత పెట్టేకే రెండు చేతులు చాలవు నీకి. విమానం కుదిపేటప్పుడు నేను చేత్తో పట్టుకుంటే ఆగుతాదా?"

"మేమంతా ట్రాక్టర్ ట్రాలీలో శెనక్కాయ మూటల మింద కూచోని పెరిగినోళ్లమే. ఏమన్నా అయ్యిందా మాకు?"

"అయ్యింది. నీ తెలివి ఆ మూటల మిందనుంచే జారి పడింది. యాడ పడిందో ఇంగా దొరకలా."

ఆయన లేచి అంగడికి పోయాడు. మా ఇంట్లో వాదన ముగిసిందనడానికి అదే గుర్తు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ వాదనలో న్యాయం నా వైపే. ఆ రోజూ నా వైపే, ఈ రోజూ నా వైపే. చిన్నపిల్లకు తగ్గ సీటు, తగ్గ బెల్టు ఉండడం మంచిదే. నేను తప్పు వాదించి ఓడిపోయి ఉంటే దీన్ని ఇంత వివరంగా రాసేదాన్నే కాదు. ఎప్పుడో మర్చిపోయేదాన్ని.

శనివారం పొద్దున మా అత్త సీటు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. "సరస్వతీ, పూజ చేసినావా దీనికి?"

"సీటుకు పూజ ఏందత్తా?"

"స్కూటరుకు చేసినాం. గ్రైండరుకు చేసినాం. బోరు మోటారుకు చేస్తే కదా నాలుగు బిందెల నీళ్లన్నా పడింది. నేల మింద ఉండేవాటికే చేస్తిమి. గాల్లో పోయేదానికి చెయ్యకుంటే ఎట్లా?"

ఎమ్మే చదివినదాన్ని కదా, ఖండించాలి. ఖండించలేదు. నాకూ లోపల విమానమంటే గుబులే. పైగా వాదనలో నాకు దేవుడి మద్దతు కూడా దొరుకుతుంటే వదులుకుంటానా?

పూజకు ముందు స్నానం. సీటును పెరట్లో బండ మీద పెట్టి సబ్బుతో రుద్దాను. వెనకాల నలుచదరంగా ఒక స్టిక్కరు. అంచులు నల్లబడి, రేణుక కొడుకు తిన్న చాక్లెట్ అంటుకొని ఉంది. దాని మీద ఇంగ్లీషులో రెండు లైన్లు, ఎర్ర అక్షరాలు.

"అదేందే ఆ మరక?" అంది అత్త.

"కంపెనీవోళ్ల సోది అత్తా. పోవట్లేదు."

"పీచు పెట్టి తోము. పోకుండా యాడికి పోతాది?"

నా పేరు సరస్వతి. నా సబ్జెక్టు ఇంగ్లీషు. పెద్ద పెద్ద గ్రంథాలు చదివి పరీక్షలు రాసిన మనిషిని. ఆ రెండు లైన్లు చదవలేదు! కొబ్బరి పీచు తీసుకొని, అడుగంటిన పాల గిన్నెను తోమినట్టు తోమాను. చేతులు నొప్పి పుట్టినా వదల్లేదు. చివరికి ఒక్క అక్షరం మిగలకుండా తళతళలాడింది.

ఆ ఖాళీ అయిన చోట కసాపురం ఆంజనేయస్వామి స్టిక్కరు అంటించాను. కొలిచి తెచ్చినట్టు సరిపోయింది. సంజీవని కొండను అరచేతిలో పెట్టుకొని ఆకాశంలో పోతున్న ఆంజనేయస్వామి. పసుపు రాశాం, కుంకుమ పెట్టాం, బెల్టుకు నిమ్మకాయ కట్టాం, హారతి ఇచ్చాం. హారతి కళ్లకు అద్దుకుంటూ మా అత్త, "ఇంగ గాలిదేవుని కొడుకే చూసుకుంటాడు" అంది.

ఆదివారం మా ఆయనే కారు నడిపాడు. పెనుకొండ దాటాక ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఒకటి అడగనా?"

"అడుగు."

"అది కారు సీటు కదా?"

"కాక?"

"కారు సీటేమో ప్లాస్టిక్ కవరు చుట్టుకొని డిక్కీలో పండుకోనుండాది. పాపేమో ఈడ గేరు రాడ్డు పట్టుకొని నిలబడుకోనుండాది."

చూస్తే నిజమే. "దుమ్ము పడతాదప్పా! మురికి సీటు ఎత్తుకొని విమానం ఎక్కితే మర్యాదగా ఉంటాదా?" అన్నాను.

ఆయన విమానాశ్రయం వచ్చేదాకా మీసాల చాటున నవ్వుకుంటూనే ఉన్నాడు.

ఆయన గేటు బయటే ఆగిపోయాడు. నేను ఒక చంకలో పాప, ఒక చంకలో సింహాసనం. కౌంటర్లో అమ్మాయి "దీన్ని లగేజీలో వేయమంటారా?" అని అడిగితే, ఆస్తి రాసిమ్మన్నట్టు చూశాను. "పాపకు టికెట్టుంది. టికెట్టున్న సీట్లో ఇది పెడతా" అన్నాను. "అలాగే మేడమ్. లోపల మావాళ్లు లేబుల్ చూస్తారు" అంది. "ఏం కావాలంటే అది చూసుకోమనండి" అని తల ఎగరేశాను. ఆ తల ఎగరేయడం తలుచుకుంటే ఇప్పటికీ మెడ నొప్పి పుడుతుంది. తనిఖీ దగ్గర పోలీసాయన నిమ్మకాయను అటూ ఇటూ తిప్పి చూసి, కన్నడంలో ఏదో గొణిగి, తీసి పక్కన పెట్టేశాడు. పోనీలే, స్వామి ఉన్నాడు కదా అనుకున్నాను.

విమానంలో ఆ సన్నటి దారిలో సీటు మోసుకుపోతూ కుడివైపు ముగ్గురి భుజాలకు, ఎడమవైపు ఇద్దరి తలలకు తగిలించాను. మా వరసలో కిటికీ పక్కన పాపది, మధ్యలో నాది. ఈ చివర తెల్ల పంచె, భుజాన తువ్వాలుతో ఒక పెద్దాయన. గోరంట్ల దగ్గర పల్లె ఆయనది. హరిద్వారం పోతున్నాడట.

"ఏమ్మా, కుర్చీ మింద కుర్చీనా?" అన్నాడు లేచి దారిస్తూ.

"పాప భద్రంగా ఉండల్ల కదా పెద్దయ్యా."

"ఉండల్ల ఉండల్ల. నాకూ ఒకటి తెచ్చుంటే బాగుండె."

ఇంతలో ఎయిర్ హోస్టెస్ వచ్చింది. తెలుగమ్మాయే. నవ్వుతూ, "మేడమ్, ఈ సీటు విమానంలో వాడొచ్చని రాసి ఉన్న లేబుల్ ఒకసారి చూపిస్తారా?" అంది.

"ఓ, చూడండి!" అని సీటును గిర్రున వెనక్కి తిప్పాను.

ఆంజనేయస్వామి దర్శనమిచ్చాడు. ఆ అమ్మాయి అప్రయత్నంగా చేతులు జోడించబోయి, సర్దుకుంది. "ఇది లేబుల్ కాదు మేడమ్."

"ఈయన సముద్రమే దాటినాడమ్మా! గాల్లో పోయే విషయంలో ఈయనకంటే అనుభవం మీ కంపెనీలో ఎవరికన్నా ఉందా?"

"లేదు మేడమ్. కానీ ఈ సీటును గాల్లో వాడొచ్చని తయారుచేసినవాళ్లు రాసి ఉండాలి."

పెద్దాయన కలగజేసుకున్నాడు. "ఆ పాప చెప్పేదీ సరిగ్గానే ఉండాదమ్మా. స్వామి సముద్రం దాటేటప్పుడు కుర్చీ ఎత్తకపోలా."

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు రోషం పొడుచుకొచ్చింది. "మా స్నేహితురాలు ఇదే సీటు విమానంలో వాడింది. అప్పుడెట్లా ఒప్పుకున్నారు?"

"అయితే లేబుల్ ఉండే ఉంటుంది మేడమ్. ఈ రకం సీట్లకు వెనక వైపే, ఇదిగో సరిగ్గా ఇక్కడే ఉంటుంది. ఎర్ర అక్షరాల్లో, రెండు లైన్లు."

ఎర్ర అక్షరాలు. రెండు లైన్లు.

నా గుండెల్లో రాయి పడింది. రాయి కాదు, మా పెరట్లో బండ.

"ఉండింది" అన్నాను, పాప కంటే చిన్న గొంతుతో.

"మరి ఏమైంది మేడమ్?"

"తోమినాను."

"ఏంటి?"

"పీచు పెట్టి తోమినాను."

మా చుట్టూ నాలుగు వరసల జనం మెడలు సాచారు. పెద్దాయన ఒక్కడే మెల్లగా తలూపాడు. "శుభ్రమైన మనిషివమ్మా."

ఇంత జరిగాకైనా నోరు మూసుకున్నానా? రేణుకకు ఫోన్ చేస్తానన్నాను. కావాలంటే పైలట్‌ను పిలవమన్నాను. రాసిస్తాను, సంతకం పెడతానన్నాను. ఆ అమ్మాయి ఓపికగా అంతా విని, "మేడమ్, మీరు చెప్పేదంతా కరెక్టే. ఆ లేబుల్ ఒక్కటి ఉంటే నేనే దగ్గరుండి కట్టించేదాన్ని. ఇప్పుడు ఈ సీటు లగేజీలోకి పోవాలి. లేదంటే సీటుతో పాటు మీరు దిగిపోవాలి. తలుపు మూసే టైమైంది" అంది.

దిగితే? మళ్లీ విమానం మర్నాడు మధ్యాహ్నం. పొద్దునే పద్మను లోపలికి తీసుకుపోతారు. చక్రాల మంచం మీద పడుకొని, మా అక్క యాడ అని తలుపు వైపు చూసే చెల్లెలు కళ్ల ముందు మెదిలింది. నా జీవితంలో మొదటిసారి, వాక్యం మధ్యలో వాదన ఆపేశాను.

"తీసుకపోండి" అన్నాను.

సీటును తీసుకుపోతుంటే స్వామి నా వైపే చూస్తూ వెళ్లాడు. పాపను ఉత్త సీట్లో కూర్చోబెట్టి ఆ అమ్మాయే బెల్టు బిగించింది. చేప జారినట్టు జారుతుందన్న నా కూతురు పీట మీద కూర్చున్న గౌరమ్మలా కూర్చుంది. కదిలితే ఒట్టు.

సగం దారిలో కుదుపులు మొదలయ్యాయి. చిన్నవేనట, అందరూ చెప్పారు. నేను మాత్రం "నాయనా!" అని ఒక్క కేక పెట్టి, చేతికందింది పట్టుకున్నాను. కళ్లు గట్టిగా మూసుకొని, తెలిసిన శ్లోకాలన్నీ కలిపి ఒకటిగా చదివేశాను. కుదుపులు ఆగాక కళ్లు తెరిస్తే, నా పది గోళ్లూ పెద్దాయన ముంజేతిలో దిగి ఉన్నాయి. పాప కిటికీలోంచి మబ్బులను చూస్తూ చప్పట్లు కొడుతోంది.

పెద్దాయన చెయ్యి మెల్లగా విడిపించుకొని తువ్వాలుతో తుడుచుకున్నాడు. "అమ్మా, తప్పనుకోవద్దు. ఆ కుర్చీ పాపకు కాదు, నీకి కావల్ల. నిన్ను దాంట్లో కట్టేసింటే నా చెయ్యి నాకు మిగులుతాండె."

సాయంకాలానికి ఆసుపత్రి చేరాను. పద్మ మంచం మీద లేచి కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. "వచ్చినావా అక్కా!" అంది. తర్వాత పాపను దగ్గరికి తీసుకొని, "బంగారూ, విమానంలో భయపడితివా?" అని అడిగింది.

"నేను పడలా. అమ్మ ఏడ్చింది. తాత చెయ్యి గిల్లింది. రక్తం వచ్చింది" అని నా కడుపున పుట్టిన సాక్షి మొత్తం చెప్పేసింది.

ఇంక దాచి లాభం లేక స్టిక్కరు నుంచి గోళ్ల దాకా నేనే చెప్పాను. పద్మ కడుపు పట్టుకొని నవ్వింది. నర్సు వచ్చి కసిరినా ఆగలేదు. మర్నాడు పొద్దున చక్రాల మంచం ఆపరేషన్ గది తలుపు దగ్గరికి వచ్చింది. "నేనున్నాను కదే, ధైర్యంగా ఉండు" అంటూ చెల్లెలి చెయ్యి అందుకోబోయాను.

పద్మ చటుక్కున రెండు చేతులూ దుప్పటి కిందికి లాక్కుంది. "ధైర్యం నోటితో చెప్పక్కా, చాలు. చెయ్యి మాత్రం పట్టుకోవద్దు."

నవ్వుతూనే లోపలికి పోయింది. గంటలో మా వర్షిణి అంత గొంతున్న కొడుకును కన్నది.

అప్పుడే, ఆ ఆసుపత్రి వరండాలో నిలబడి, తూర్పు ఎటో తెలియక నాలుగు దిక్కులకూ దండం పెట్టి ప్రమాణం చేశాను. ఎమ్మే చదివిన సరస్వతి అనే నేను, ఇకమీదట ఏ వస్తువు మీద ఎర్ర అక్షరాలు కనిపించినా చివరి చుక్క దాకా చదువుతాను. చదివిన తర్వాత కూడా తోమక తప్పదనిపిస్తే, మా ఆయన చేత తోమిస్తాను.