తెల్లని దొరకు బూడిద పిల్లలు

మెట్‌పల్లిలో బీడీలు చుట్టే కిష్టవ్వకు కుందేళ్ల వంశాలు తెలిసినంతగా కొందరికి సొంత చుట్టాలు కూడా తెలియరు. పన్నెండేళ్లుగా పెంచుతోంది. ఎవరైనా జత కట్టించమని ఆడకుందేలును తెస్తే, పెళ్లి సంబంధం మాట్లాడినట్టు తల్లి ఏ రంగు, తాత ఏ రంగు అని మూడు తరాలు తవ్వుతుంది. చెప్పలేనివాళ్లను ముఖం మీదే విసుక్కుంటుంది. ఓపిక తక్కువ, మాట ఎక్కువ.

ఆమె మగకుందేలు పేరు దొర. ఒళ్లంతా పాలతెలుపు, కళ్లు ఎరుపు. ముసలిదైపోయి మేత సగం వదిలేస్తోంది. దొర పోయేలోపు దాని సంతానం ఒక్కటైనా తన ఇంట్లో మిగలాలని కిష్టవ్వ ఆరాటం. అందుకే పక్కింటి పద్మలత తన నల్ల ఆడకుందేలును తెచ్చినప్పుడు, ఈతలో ఒక పిల్ల తనదేనని ముందే చెప్పింది.

ఐదు పిల్లలు పుట్టాయి. నెల దాటేసరికి ఐదూ బూడిద రంగు తేలాయి. పద్మలత పిల్లనివ్వనంది. తెలుపుకూ నలుపుకూ ఇదేం రంగని వాదన. వెనక పసుపు చేలోంచి అడవి కుందేలేదో వచ్చిపోయిందని తీర్పు కూడా చెప్పేసింది. కిష్టవ్వకు తల కొట్టేసినట్టయింది. చుడుతున్న బీడీ చాటలో పడేసి లేచి, పక్కింట్లో పిల్లలున్న గంప దగ్గరికి నడిచింది.

"పుట్టిన్నాడు కండ్లు తెర్సినయా? బొచ్చున్నదా?" అని అడిగింది.

లేదు, కళ్లు మూసుకుని ఎర్రటి మాంసం ముద్దల్లా ఉన్నాయంది పద్మలత. అడవి కుందేలు పిల్లలైతే ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయని కిష్టవ్వ వకీలులా నిలదీసింది. తర్వాత ఒక పిల్లను పట్టుకుని వీపు మీద ఉఫ్ అని ఊదింది. బొచ్చు విడిపోయి వలయాలు కనిపించాయి: అడుగున బూడిద, నడుమ పసుపు, కొనకు నలుపు. దొర తల్లికీ అచ్చం ఇవేనట.

"తెలుపు రంగు గాదు పద్మా, మీద కప్పిన దుప్పటి. మా దొర గా దుప్పటి కింద వాళ్ల అవ్వ రంగు దాసుకున్నడు. గదే పిల్లలకిచ్చిండు."

ఆ దుప్పటి తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే పిల్ల తెల్లగా పుడుతుందని, ఒకవైపు నుంచే వస్తే లోపల దాక్కుంటుందని వివరించింది. ఈ ఐదింటిలోనూ దొర తెలుపు దాగే ఉందట.

ఓడిపోయానని ఒప్పుకోవడం పద్మలత ఒంట్లో లేదు. గంప మాత్రం ముందుకు జరిపింది. కిష్టవ్వ ఒక ఆడపిల్లను ఏరి కొంగులో వేసుకుంది. గెలిచినా, దొర తెలుపు ఇక కంటబడదని ఆమెకు ఏడుపొచ్చింది. ముఖం తిప్పుకుని గడప దాటబోయింది.

"ఆగు అత్తా," అంటూ పద్మలత గంపలోంచి మగపిల్లను తీసింది. "ఒక్కదాన్తోని తెలుపు బయటికి రాదంటివి గదా. గీ పోరణ్ని గూడ తీస్కపో."

కిష్టవ్వ కొంగు ఇంకొంచెం పరిచింది.